బడి మూతపడితే ప్రతి ఇంటికీ కబురు చేర్చడం ఎలా?

స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌కు (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశం) వెళ్లిన ప్రతిసారీ కొత్తగా చేరిన టీచర్లలో ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఇదే అడుగుతున్నారు: "మేడం, కరోనాలో మీ ఊర్లో అందరి ఇండ్లకూ సమాచారం ఎట్ల పంపించినారు? మేము గ్రూపులో పెడితే సగం మంది చూసుకోరు." కరోనా పోయినా ఈ అవసరం పోలేదు. ఊళ్లో డెంగీ జ్వరాలు పెరిగినా, ఒక తరగతిలో వరుసగా గవదబిళ్లలు వచ్చినా, వానలకు నాలుగు రోజులు బడి మూసినా ఇదే ఇబ్బంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక చిన్న ప్రాథమిక పాఠశాల. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వాళ్లకు మా ఊరి సంగతి చెప్పక్కర్లేదు. సంక్రాంతికి అటూ ఇటుగా తల్లిదండ్రులు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోతారు, ఎక్కువమంది గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. పిల్లల్లో కొందరు వెంట వెళ్తారు, కొందరు సీజనల్ హాస్టల్‌లో (తల్లిదండ్రులు వలస వెళ్లిన నెలల్లో పిల్లలకోసం నడిపేది) ఉంటారు, మిగిలినవాళ్లు అవ్వాతాతల దగ్గర. 2020 మార్చి 19న రాష్ట్రంలో బడులు మూసినప్పుడు ఊరు సరిగ్గా ఆ స్థితిలో ఉంది. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మా రిజిస్టర్‌లో ఉన్న నంబర్లు గుంటూరు చేలల్లో మోగుతున్నాయి, పిల్లలేమో ఇక్కడ ఉన్నారు. చిన్న తరగతులు మళ్లీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. ఏప్రిల్ 20న మళ్లీ మూశారు, ఆగస్టు 16న తెరిచారు. ఆ ఏడాదిన్నరలో తప్పులు చేసి, దిద్దుకుని, చివరికి మాకు పనికొచ్చిన పద్ధతి ఇది.

ఏమేం కావాలి

- 200 పేజీల రూళ్ల పుస్తకం ఒకటి. దీన్ని మేం "ఇళ్ల పుస్తకం" అంటాం.
- పెన్సిల్, ఎరుపు, నీలం, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులు.
- బడి కోసం విడిగా ఒక సిమ్. మీ సొంత నంబర్ ఇస్తే రాత్రి పదింటికీ ఫోన్లు వస్తాయి, విసుగొచ్చి ఎత్తడం మానేస్తారు. విడి సిమ్ ఉంటే దానికి వేళలు పెట్టుకోవచ్చు.
- ఊళ్లో ఈ అయిదుగురి నంబర్లు: ఆశా కార్యకర్త, ఏఎన్ఎం (ఊరి ఆరోగ్యం చూసే నర్సు), అంగన్‌వాడీ టీచర్, పంచాయతీ కార్యదర్శి, బడిలో వంట చేసే అక్క. అయిదుగురిలో అందరికంటే ఎక్కువ ఇళ్లు తెలిసింది వంట అక్కకే. ఆమెను మరిచిపోకండి.
- పంచాయతీ మైకు, లేదా గుడి, మసీదు మైకు వాడుకోవడానికి ముందే అడిగి తీసుకున్న అనుమతి.

స్మార్ట్‌ఫోన్ లేకపోయినా ఈ పని జరుగుతుంది. ఇళ్ల పుస్తకం లేకపోతే మాత్రం జరగదు.

1. ఇళ్ల పుస్తకం రాయండి

ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. పిల్లవాడికో పేజీ వద్దు, ఎందుకంటే అన్న నాలుగులో, చెల్లెలు ఒకటిలో ఉంటే ఒకే ఇంటికి రెండు సార్లు ఫోన్ చేస్తారు, ఇంకో ఇంటికి అసలు చేయరు. పేజీలో ఇవి రాయండి:

పిల్లలు ఈ నెలలో ఎవరి దగ్గర ఉన్నారు. ఫోన్ పగలు ఎవరి చేతిలో ఉంటుంది, ఇంటికి ఎన్ని గంటలకు వస్తుంది. మామూలు బటన్ల ఫోనా, స్మార్ట్‌ఫోనా. ఇంట్లో తెలుగు చదవగలిగేవాళ్లు ఎవరు. ఇంట్లో ఏ మాట మాట్లాడతారు (మా దగ్గర కన్నడ, ఉర్దూ ఇళ్లు కూడా ఉన్నాయి). ఫోన్ పలక్కపోతే ఏ పక్కింటివాళ్లకు చెప్పాలి. సుగ్గికి వెళ్తే ఏ ఊరు, ఎప్పుడు తిరిగొస్తారు, ఏ మేస్త్రీ (కూలీలను తీసుకెళ్లే మనిషి) వెంట వెళ్లారు. మేస్త్రీ నంబర్ ఒక్కటి దొరికితే పది కుటుంబాలు దొరికినట్టే.

ఇక్కడ అందరూ చేసే తప్పు, అడ్మిషన్ రిజిస్టర్‌లోని నంబర్లను అలాగే ఎక్కించడం. అవి పిల్లను ఒకటో తరగతిలో చేర్చిన రోజున ఇచ్చినవి. రీఛార్జ్ లేక ఆగిపోయినవి, బ్యాంకు పని కోసం ఇచ్చిన బాబాయి నంబర్లు, ఒక అంకె తప్పుపడినవి అందులో చాలా ఉంటాయి. 2020లో మేం ఫోన్లు మొదలుపెట్టిన రోజు దాదాపు మూడో వంతు పలకలేదు.

సరి చూసుకోవడం: ప్రతి నంబర్‌కూ ఒకసారి మీరే ఫోన్ చేయండి. ఎత్తినవాళ్లు "ఫలానా పాప మా ఇంట్లోనే ఉంది" అని చెబితేనే ఆ నంబర్ పక్కన టిక్ పెట్టండి. రింగైంది కదా అని టిక్ పెట్టకండి.

2. ఇళ్లను మూడు రంగులుగా విడదీయండి

పేజీ మూలన ఒక చుక్క. ఆకుపచ్చ: స్మార్ట్‌ఫోన్ ఉంది, సాయంత్రానికైనా పిల్లలున్న ఇంటికి వస్తుంది. నీలం: బటన్ల ఫోన్, మాట్లాడితేనే కబురు. ఎరుపు: ఫోన్ లేదు, లేదా ఉన్నా ఆ ఇంటి పెద్దవాళ్లు ఎత్తలేరు.

స్మార్ట్‌ఫోన్ ఉన్న ప్రతి ఇంటినీ ఆకుపచ్చలో వేయకండి. నాన్న లారీ మీద వెళ్లి వారానికోసారి వస్తే, ఫోన్ ఆయనతోనే ఉంటే, ఆ ఇల్లు ఎరుపే. మూడో తరగతి పిల్లవాడు ఒకడు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "మేడం, మా ఫోను గుంటూరులో ఉంది." ఆ ఇంటికి మేం రెండు వారాలపాటు వాట్సాప్‌లో సందేశాలు పంపుతూనే ఉన్నాం. వాడి అవ్వకు ఒక్క ముక్క తెలియదు.

3. ఆకుపచ్చ ఇళ్లకు వాట్సాప్

గ్రూపు పెడితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి సందేశాలు అడ్మిన్‌లు మాత్రమే పంపేలా మార్చండి. లేకపోతే మీరు పెట్టిన ముఖ్యమైన కబురు ఉదయానికల్లా గుడ్ మార్నింగ్ పూల బొమ్మల కింద మునిగిపోతుంది.

గ్రూపులో ఇంకో చిక్కుంది. అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. మా దగ్గర ఒక తల్లికి తెలియని నంబర్ల నుంచి రాత్రిపూట ఫోన్లు మొదలయ్యాయి. ఆమె భర్త గుంటూరులో, ఇంట్లో ఒక్కతే. ఆమె ఏడుస్తూ వచ్చి చెప్పేదాకా మాకు ఆ ఆలోచనే రాలేదు. అప్పటి నుంచి నేను గ్రూపు బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడుతున్నాను. ఒకేసారి అందరికీ వెళ్తుంది, ఎవరి నంబర్ ఎవరికీ కనిపించదు. ఒక లిస్ట్‌లో 256 మంది దాకా పెట్టుకోవచ్చు, ప్రాథమిక పాఠశాలకు అది చాలు.

హెచ్చరిక: బ్రాడ్‌కాస్ట్ సందేశం మీ నంబర్‌ను తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. చాలామంది టీచర్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. "సేవ్ చేసుకోండి" అని చెప్పి వదలకండి. తల్లి బడికి వచ్చినప్పుడు ఫోన్ అడిగి తీసుకుని, ఆమె చూస్తుండగా "బడి" అనే పేరుతో మీరే సేవ్ చేసి ఇవ్వండి.

4. సందేశం రాయండి, తర్వాత చదివి రికార్డ్ చేయండి

పై నుంచి వచ్చిన ఉత్తర్వు పీడీఎఫ్‌ను ఇళ్లకు ఫార్వర్డ్ చేయకండి. అది మనకోసం రాసినది. ఇంటికి వెళ్లే సందేశంలో అయిదు విషయాలుంటే చాలు: ఏం జరిగింది, ఏ తరగతులకు, ఏ తేదీ నుంచి, మీరు ఏం చేయాలి, అనుమానం ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి.

మేం మొదట పంపిన సందేశం ఇలా ఉండేది:

"ప్రభుత్వ ఆదేశాల మేరకు రేపటి నుండి తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు పాఠశాలకు సెలవు ప్రకటించడమైనది. తల్లిదండ్రులు సహకరించగలరు."

రెండు రోజుల తర్వాత ఫోన్ తెరిచిన తండ్రికి ఇందులో "రేపు" అంటే ఏ రోజు? "సహకరించగలరు" అంటే ఏం చేయాలి? ఇప్పుడైతే అదే కబురును ఇలా రాస్తాను:

"అమ్మా, అయ్యా, బడి నుంచి మేడంను మాట్లాడుతున్నాను. మార్చి 19, గురువారం నుంచి మన బడి ఉండదు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ సెలవే. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఇంకా చెప్పలేదు, చెప్పగానే నేనే చెబుతాను. పిల్లలను బజారుకు, పెళ్లిళ్లకు తీసుకుపోవద్దు. పిల్లలకు జ్వరం వస్తే ఆశా అక్కకు చెప్పండి. ఏమన్నా అడగాలంటే ఈ నంబర్‌కే సాయంత్రం 6 నుంచి 8 లోపల చేయండి."

దీన్ని రాసిన తర్వాత పైకి చదివి వాయిస్ మెసేజ్‌గా కూడా పంపండి. చదువురాని అవ్వకు అదే దిక్కు. నిమిషం లోపల ముగించండి. నిమిషం దాటితే తేదీ దాకా వినరు. కన్నడ ఇళ్లకు అయిదో తరగతి పిల్ల చేత కన్నడంలో చెప్పించి పంపాం. అందరికంటే ఎక్కువసార్లు విన్నది ఆ మెసేజ్‌నే అని తర్వాత తెలిసింది.

ఒక సందేశంలో ఒక్క విషయమే పెట్టండి. సెలవు, బియ్యం పంపిణీ, బూట్ల కొలతలు ఒకే దాంట్లో పెడితే బియ్యం ఒక్కటే గుర్తుంటుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఆ రోజుల్లో ఇంట్లో అదే అవసరం.

5. వేళ పెట్టుకోండి, కబురు లేకపోయినా చెప్పండి

ఇది నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది. ఏమన్నా ఉత్తర్వు వస్తేనే సందేశం పంపేవాళ్లం. మధ్యలో పది రోజులు మౌనం. ఆ పది రోజుల్లో ఊరంతా "సోమవారం బడి తెరుస్తారంట" అని ఎవరో అన్న మాట పట్టుకుని పిల్లలను గేటు దగ్గర దించి పోయేది.

వారానికి రెండు రోజులు, ఒకే వేళ పెట్టుకోండి. మాది సోమవారం, గురువారం రాత్రి ఏడున్నర. పొలం నుంచి వచ్చి అన్నం తినే వేళ, ఫోన్ ఇంట్లో ఉండే వేళ. కొత్త కబురు లేకపోతే "ఈ వారం కొత్త సంగతి లేదు. బడి ఇంకా తెరవలేదు. మళ్లీ గురువారం చెబుతాను" అని పంపండి. నెల తిరిగేసరికి నాకు వచ్చే ఫోన్లు సగానికి తగ్గాయి. "బడి ఎప్పుడు తీస్తారు మేడం?" అనే ప్రశ్న దాదాపు ఆగిపోయింది.

తెలియనిది తెలియదని చెప్పండి. "వచ్చే నెల తెరవొచ్చు" అని ఊహ చెప్పకండి. మీ నోటి నుంచి వచ్చిన ఊహ ఊళ్లో తేదీగా మారుతుంది.

6. నీలం ఇళ్లకు ఫోన్

ఒక్కో టీచర్ పదిహేను ఇళ్లకు మించి తీసుకోవద్దు. అంతకంటే ఎక్కువైతే చివరి ఇళ్లకు చెప్పే మాట చిక్కిపోతుంది. ఏకోపాధ్యాయ పాఠశాల అయితే అంగన్‌వాడీ టీచర్‌ను, తల్లిదండ్రుల కమిటీలో ఇద్దరిని అడగండి. వాళ్లకు కూడా మీరు రాసిన సందేశమే కాగితం మీద ఇవ్వండి, చూసి చదవమనండి. సొంత మాటల్లో చెప్పమంటే మూడో ఇంటికి తేదీ మారుతుంది.

ఫోన్ ఎత్తగానే మొదట పిల్లల సంగతి అడగండి. తిన్నాడా, ఏం చేస్తున్నాడు. ఆ తర్వాతే కబురు. అవ్వలు మన గొంతు గుర్తుపట్టి నిదానపడితే తప్ప మాట చెవికెక్కదు.

7. ఎరుపు ఇళ్లకు కాగితం, మైకు, మనిషి

లాక్‌డౌన్‌లో మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు పంచారు. ఫోన్ లేని ఇంటికి కూడా మనిషి తప్పకుండా వెళ్లే రోజు అదొక్కటే. మేం ప్రతి సంచికి ఒక చీటీ పిన్ను చేశాం. నాలుగు లైన్లు, పెద్ద అక్షరాలు, అడుగున బడి నంబర్. చీటీ ఇచ్చేటప్పుడు పైకి చదివి వినిపించమని పంచేవాళ్లకు చెప్పాం.

మైకులో చెప్పాలంటే ఉదయం ఆరు లేదా సాయంత్రం ఏడు. ఒక్కో వాక్యం ఆగి ఆగి, మొత్తం రెండుసార్లు. తేదీని వారం పేరుతో కలిపి చెప్పండి. మైకులో పిల్లల పేర్లు, జబ్బు సంగతులు ఎప్పుడూ చెప్పకండి. కిరాణా కొట్టు గోడకు, నీళ్ల కుళాయి దగ్గర ఒక చార్ట్ అంటించండి. కొత్తది పెట్టేటప్పుడు పాతది చించేయాలి. మేం ఒకసారి మరిచిపోయాం, రెండు తేదీలూ పక్కపక్కనే ఉండి పెద్ద గందరగోళం అయింది.

8. బడిలో ఒకరికి జబ్బు వస్తే

ఈ ఒక్క అడుగులో తొందరపడకండి. వరుస ఇలా ఉండాలి.

మొదట ఆ పిల్లవాడి ఇంటికి ఫోన్. ఎలా ఉన్నాడో కనుక్కోండి, "మిగతావాళ్లకు పేరు చెప్పం" అని మాటివ్వండి. రెండు, ఏఎన్ఎం లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చెప్పి, ఎవరు ఎన్ని రోజులు ఇంట్లో ఉండాలో అడిగి రాసుకోండి. ఆ రోజుల లెక్క మీరు సొంతంగా వేయకండి, మధ్యలో నిబంధనలు చాలాసార్లు మారాయి. మూడు, అదే తరగతి ఇళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్. నాలుగు, అదే రోజు చీకటి పడేలోపు అందరికీ సందేశం:

"మన బడిలో ఒకరికి కరోనా అని తేలింది. ఇంట్లోనే ఉన్నారు, బాగానే ఉన్నారు. మూడో తరగతి పిల్లలు ఏఎన్ఎం మేడం చెప్పిన తేదీ దాకా ఇంట్లోనే ఉండాలి, వాళ్ల ఇళ్లకు నేను విడిగా ఫోన్ చేశాను. మిగతా తరగతులకు బడి ఉంది. జ్వరం, దగ్గు, గొంతు నొప్పి ఉంటే బడికి పంపకండి, ఆశా అక్కకు చెప్పండి. సలహాకు 104, అంబులెన్స్‌కు 108. ఎవరా అని దయచేసి అడగవద్దు, మీ ఇంట్లో వచ్చినా మేం ఎవరికీ చెప్పం."

పేరు లేకపోయినా పట్టించే వివరాలు ఉంటాయి, చూసుకోండి. "మూడో తరగతిలో కొత్తగా చేరిన పాప" అంటే ఊరంతటికీ తెలిసిపోయినట్టే. ఒక ఊళ్లో గ్రూపులో పేరు పెట్టేశారు. ఆ ఇంటివాళ్లను కుళాయి దగ్గరికి రానివ్వలేదు, ఆ పాప తర్వాత నెలల తరబడి బడి ముఖం చూడలేదు. సందేశాన్ని పావుగంటలో తొలగించారు, కానీ అప్పటికే పది చోట్ల స్క్రీన్‌షాట్ ఉంది.

ఇంట్లో ఎవరైనా చనిపోయిన కుటుంబానికి మామూలు సందేశాలు ఆపండి. మీరే ఫోన్ చేయండి, బడి మాట కొన్నాళ్లు ఎత్తకండి.

9. పుకారు వచ్చినప్పుడు

టీవీ స్క్రోలింగ్ ఫోటోలు, పాత పేపర్ ముక్కలు తిరుగుతుంటాయి. ఆ బొమ్మ మీద "తప్పు" అని రాసి మళ్లీ పంపకండి. చాలామంది బొమ్మ చూస్తారు, మీ రాత చూడరు. అసలు సంగతిని మాత్రం కొత్తగా, మీ గొంతుతో పంపండి: "చిన్న తరగతులకు బడి ఫిబ్రవరి 1, సోమవారం తెరుస్తారు, అంతకుముందు లేదు. వేరే తేదీ ఎవరు చెప్పినా నన్ను అడగండి." పంపినవాళ్లను అందరి ముందు మందలించకండి. వాళ్లు భయంతో పంపారు. విడిగా ఫోన్ చేసి చెబితే ఇంకోసారి ముందే మిమ్మల్ని అడుగుతారు.

10. చేరిందో లేదో చూసుకోండి

వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు చూసి చేరిందనుకోకండి. ఆ ఫోన్ చూసింది ఆటలాడుకుంటున్న తమ్ముడు కావచ్చు.

సందేశం పంపిన మర్నాడు ఒక్కో రంగులో అయిదు ఇళ్లను చీటీలు తీసి ఎంచుకోండి. మీకు చనువైనవాళ్లకే చేస్తే అంతా బాగుందనిపిస్తుంది, అందుకే చీటీలు. ఫోన్ చేసి, ఎరుపు ఇళ్లకైతే మనిషి వెళ్లి, అడగాలి. "అర్థమైందా అమ్మా?" అని మాత్రం అడగకండి. ఎవరైనా "ఆఁ, అయింది మేడం" అనే అంటారు, మనకు మర్యాద ఇచ్చి. "బడి ఏ రోజు తెరుస్తారు? పిల్ల ముఖానికి ఏం కట్టి పంపాలి? జ్వరమొస్తే ఎవరికి చెబుతారు?" అని అడగండి.

అయిదుగురిలో ఇద్దరు తప్పు చెబితే లోపం మన సందేశంలో ఉంది. మార్చి మళ్లీ పంపండి, మొదటి లైన్‌లో "నిన్న చెప్పింది సరిగ్గా అర్థం కాలేదు, మళ్లీ చెబుతున్నాను" అనండి. తప్పులన్నీ ఎరుపు ఇళ్లలోనే వస్తే చీటీ చేరలేదని అర్థం, మనిషిని పంపండి.

2021 ఫిబ్రవరికి ముందు ఇలా అడిగితే ఒక అవ్వ చెప్పిన జవాబు: "మాస్కు లేకుంటే పిల్లోణ్ణి వెనక్కి పంపుతారంట కదమ్మా, మా దగ్గర లేదు, అందుకే పంపను." మేం "మాస్క్ తప్పనిసరి" అని మాత్రమే రాశాం. లేనివాళ్లకు బడిలో ఇస్తామని రాయలేదు. ఆ రాత్రే ఆ ఒక్క వాక్యం కలిపి మళ్లీ పంపాం. సోమవారం ఆ పిల్లవాడు అవ్వ చెయ్యి పట్టుకుని వచ్చాడు. అవ్వ పోనివ్వక గేటు దగ్గరే నిలబడితే, మాస్క్ కట్టి లోపలికి తీసుకెళ్లాను.

వరుసగా మూడుసార్లు దొరకని ఇంటికి వెళ్లి రండి. వాకిట్లోనే దూరంగా నిలబడి మాట్లాడండి. పిల్ల పనికి వెళ్తోందని, పెళ్లి మాటలు నడుస్తున్నాయని, ఇంట్లో కొడుతున్నారని అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల సహాయానికి ఉన్న నంబర్, డబ్బు పడదు. ఆ నంబర్ పిల్లలకు కూడా కంఠతా వచ్చేలా నేర్పండి.

11. పుస్తకాన్ని తాజాగా ఉంచండి

జూన్‌లో బడి తెరిచాక ఒకసారి, సుగ్గికి బయల్దేరే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి నంబర్లు సరిచూడండి. మీ ఊళ్లో వలస వేరే నెలలో ఉంటే దాన్నిబట్టి మార్చుకోండి. అన్నిటికంటే సులువైన రోజు తల్లిదండ్రుల సమావేశం, వరుసలో నిలబడినప్పుడే అడిగేయొచ్చు. రానివాళ్ల పేజీ మూల మడిచి పెట్టుకుని, ఆ వారంలోనే ఫోన్ చేయండి.

పుస్తకం బీరువాలో తాళం వేసి ఉంచండి. అందులో ఒంటరిగా ఉండే ఆడవాళ్ల నంబర్లు, ఎవరు ఊళ్లో లేరో ఆ వివరాలు ఉన్నాయి. ఫోటో తీసి ఏ గ్రూపులోనూ పెట్టకండి. మీరు బదిలీ అయితే చార్జి అప్పగించేటప్పుడు కొత్త టీచర్ చేతికే ఇచ్చి, ఒక సాయంత్రం పక్కన కూర్చుని రంగు చుక్కల అర్థం చెప్పండి. ఇళ్ల పేర్లు పెన్నుతో, నంబర్లు పెన్సిల్‌తో రాయండి.